ట్యాబుతో పాటు ఇదీ అడుగుదాం
పిల్లల్ని రేపటికి తయారుచేయడమంటే చేతికి ట్యాబు ఇవ్వడమే అనే మాట బాగా వినిపిస్తోంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చారు కూడా. దాన్ని తప్పుపట్టను. కానీ పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం దశాబ్దాల కిందటే ఇంతకంటే ఆధునికమైన పని చేసింది. పాఠాల్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, గోడమీద నిచ్చెన పటం పెట్టి, తానెక్కడున్నాడో, తర్వాత ఏ కార్డు తీసుకోవాలో పిల్లవాడే చూసుకునేలా చేశారు. ఒకే గదిలో, ఒకే అయ్యవారి దగ్గర, వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు. కర్ణాటక ‘నలి కలి’ బోధన పద్ధతి ఇక్కడికొచ్చి చూసి మొదలుపెట్టిందే. తమిళనాడూ ఈ దారే పట్టింది. మన దగ్గర పుట్టిన పద్ధతి పొరుగువాళ్లకు ముందు కనబడిందే అని బాధేస్తుంది.

శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఉద్యోగానికి కంప్యూటర్ రావాలి గానీ కార్డులెందుకు అంటారేమో. కంప్యూటర్ రావాల్సిందే. అయితే ఇవాళ ఒకటో తరగతిలో ఉన్న బిడ్డ డిగ్రీ దాటేసరికి ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఉంటుందన్న నమ్మకం లేదు. తనంతట తాను చదివి, తప్పు పట్టుకుని, పక్కవాడికి చెప్పగలిగే అలవాటు మాత్రం నిలుస్తుంది. ఈ కార్డుల పద్ధతికి అయ్యవార్లకు మంచి శిక్షణ కావాలి, ఖర్చవుతుంది, నిజమే. ఏకోపాధ్యాయ బడులున్న ఊళ్ల తల్లిదండ్రులారా, బడి కమిటీలో ఈ శిక్షణ గురించి కూడా గట్టిగా అడగండి.