కిడ్నీ డాక్టరు నుంచి వీసీ దాకా

మన గూడేల్లో కిడ్నీ జబ్బు సంగతి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. అది మొదట్లో నొప్పి పెట్టదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తేనే బయటపడుతుంది. ముదిరితే డయాలసిస్, మామూలుగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. మారేడుమిల్లి అవతల ఉండే కూలిమనిషి అన్నిసార్లు కొండ దిగి ఎలా వస్తాడు? ఎ.కొండూరు మండలం లంబాడీ తండాలు ఈ బాధ ఇప్పటికే పడుతున్నాయి.

అందుకే డాక్టర్ టి. రవిరాజు గారి గురించి మనం తెలుసుకోవాలి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో నెఫ్రాలజీ ప్రొఫెసర్‌గా చేశారు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధించారు. తర్వాత రాష్ట్ర వైద్య విద్య డైరెక్టర్, విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ అయ్యారు.

1986లో పుట్టిన ఆ యూనివర్సిటీయే మన రాష్ట్ర మెడికల్ కాలేజీలకు పరీక్షలు పెడుతుంది, పట్టాలిస్తుంది, కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ నడుపుతుంది. కాకినాడ రంగరాయలో గానీ, 2023లో మొదలైన రాజమండ్రి కాలేజీలో గానీ ఆ కోటా సీటు మన పిల్లలకు అక్కడి నుంచే రావాలి.

నెఫ్రాలజిస్ట్ కావాలంటే ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో 5½ ఏళ్లు, ఎండీ 3, డీఎం 3. మొత్తం 11½ ఏళ్లు. ఇల్లు గడవడం కష్టమని మధ్యలో ఆపెయ్యాలనిపిస్తుంది. ఆపొద్దు. రోగి మంచం పక్కన మనవాళ్లు కావాలి, సీట్లూ పరీక్షలూ తేల్చే బల్ల దగ్గరా మన గూడెం దారి తెలిసినవాళ్లు కావాలి.

బైపీసీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డౌట్లుంటే ఇక్కడే సీనియర్లని అడగండి. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దోళ్లకి ఆ రెండు టెస్టులూ చేయించండి.