వెనకే వచ్చే వంటిల్లు

టెక్సస్ ఉత్తరపు కొసన, 287వ నంబరు హైవే మీద క్లారెండన్ దాటాక గుడ్‌నైట్ అని ఒక ఊరుంది. ఊరంటే నాలుగిళ్లు. అందులో ఒకటి 1887లో కట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు. పశువుల దొర చార్లెస్ గుడ్‌నైట్ కాపురమున్నది అందులోనే. డాలస్ నుంచి కొలరాడో వెళ్లే మనవాళ్లు ఎంతోమందికి ఇదే దారి, అయినా ఇక్కడ ఆగేవాళ్లు తక్కువ. మేం ఆగాం. మోటార్‌సైకిల్‌కి వంటసామాను తగిలించుకుని తిరిగేవాళ్లు ఆగి దండం పెట్టుకోవాల్సిన గుమ్మం అదని నా నమ్మకం.

1866లో గుడ్‌నైట్, ఆలివర్ లవింగ్ కలిసి రెండు వేల పశువులను టెక్సస్ నుంచి న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌కు తోలుకెళ్లారు. దారిలో ఊళ్లు లేవు. పెకోస్ నది తగిలేదాకా రోజుల తరబడి నీళ్లు కూడా లేవు. అప్పటిదాకా పశువులు తోలేవాళ్లు ఎవరి తిండి వాళ్లు జీను సంచిలో పెట్టుకుని పోయేవాళ్లు. అంతర్యుద్ధం అయిపోయి సైన్యం వదిలించుకుంటున్న బళ్లలో ఒకటి తీసుకుని, దానికి ఇనప ఇరుసులు వేయించి, వెనకభాగాన ఒక చెక్క బీరువా బిగించాడు గుడ్‌నైట్. అరలు, సొరుగులు. పిండికో చోటు, కాఫీ గింజలకో చోటు, చిక్కుళ్లకీ ఉప్పుకీ మందులకీ తలా ఒకటి. బీరువా తలుపుకి బందులు కింద పెట్టించాడు. దాన్ని కిందికి దించి ఒక కాలు ఆనిస్తే అదే వంటబల్ల. బండి అడుగున పశువు తోలు వేలాడగట్టి, దారిలో దొరికిన పుల్లలూ ఎండు పేడా అందులో వేసుకునేవాళ్లు. పక్కన నీళ్ల పీపా. రాత్రి పడుకునే ముందు వంటవాడు బండి నొగను ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టేవాడంటారు. తెల్లారి మబ్బు పట్టినా ఉత్తరం ఎటో తెలియాలి కదా.

అది కట్టి నూట యాభై ఏళ్లు దాటింది. ప్రయాణంలో మనిషికి ఏది ముందు చేతికి అందాలో, ఏది అడుగున ఉన్నా ఫరవాలేదో అంత శ్రద్ధగా ఆలోచించిన అమరిక నేనింకొకటి చూడలేదు.

మాది హోండా గోల్డ్ వింగ్. 1832 సీసీ, ఆరు సిలిండర్లు. బండి బరువే దాదాపు 400 కిలోలు. దాని వెనక రెండు చక్రాల ఫైబర్‌గ్లాస్ ట్రైలర్. ఒక సంగతి చెప్పాలి: ఈ బండికి ట్రైలర్ తగిలించవద్దనే కంపెనీ మాన్యువల్ చెబుతుంది. తగిలించేవాళ్లు బయటి తయారీదార్ల దగ్గర హిచ్ కొనుక్కుని, జవాబుదారీ తమదేనని తెలిసే లాగుతారు. బ్రిటన్‌లోనైతే చట్టమే లెక్క కట్టి పెట్టింది: మోటార్‌సైకిల్ ట్రైలర్ వెడల్పు మీటరు దాటకూడదు, సామానుతో కలిపి 150 కిలోలు గానీ బండి బరువులో మూడింట రెండొంతులు గానీ, ఏది తక్కువైతే అది. మేముండేది టెక్సస్‌లో. అయినా ఆ 150 కిలోల గీతే మా ఇంట్లోనూ శాసనం. బియ్యం, కందిపప్పు, కుక్కరు, రెండు స్టవ్వులు, నీళ్ల డబ్బాలు, డేరా, పరుపులు, ఆవకాయ జాడీ, అన్నీ తూకం వేసి పెట్టినవే.

బరువెంత అన్నదాని కంటే అది ఎక్కడుంది అన్నదే పెద్ద విషయం. మా గుంటూరు వైపు పొగాకు బండి కట్టేటప్పుడు మా నాన్న బండి వెనక నుంచొని చూసేవాడు. వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేచి ఎద్దుల గొంతు పట్టుకుంటాయి, ముందు బరువైతే వాటి మెడ వంగిపోతుంది. మోటార్‌సైకిల్‌కీ అంతే. బరువులో నూటికి అరవై పాళ్లు ఇరుసుకు ముందుండాలి. నొగ హిచ్ మీద మోపే భారం మొత్తంలో పదో వంతుకు అటూ ఇటూగా ఉండాలి. వెనక బరువైందా, బండి వెనక టైరు పట్టు తగ్గి, వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. అప్పుడు బ్రేకు మీద పడితే పడిపోతాం. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, హ్యాండిల్ బిగపట్టకుండా, దానంతటది సర్దుకోనివ్వాలి. హిచ్ దగ్గర తిరిగే కీలు ఒకటుంటుంది. మలుపులో బండి వాలినా ట్రైలర్ నిటారుగా ఉండేది దానివల్లే. రోడ్డు మీద గుంటల్ని తప్పించేటప్పుడు మూడు జాడలు గుర్తు పెట్టుకోవాలి: మధ్యలో బండిది, అటూ ఇటూ ట్రైలర్ చక్రాలవి.

ఇంత తాపత్రయం ఎందుకని మా ఆఫీసులో కుర్రాళ్లు అడుగుతుంటారు. దారి పొడుగునా మోటళ్లున్నాయి, బర్గర్లున్నాయి కదా అంటారు. మోటల్ నుంచి మోటల్‌కు పోవడం నాకు ప్రయాణంలా అనిపించదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు పెద్ద పరివారంతో, డేరాలతో కదిలాడు. మజిలీ మజిలీకీ అక్కడ నీళ్లెలా ఉన్నాయి, దినుసులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయాడు. వండుకు తినే మనిషి ఊరిని చూసే చూపు అది. ట్రైలర్ ఉంటే నాకూ ఆ చూపు వస్తుంది. చెట్టు నీడ ఎక్కడుంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, స్టవ్వు ఏ వైపు పెట్టాలి అని.

గాలి అన్నాను గనక చెబుతున్నాను, పాన్‌హాండిల్ అనే ఈ ఉత్తరపు కొసన వీచేది మామూలు గాలి కాదు. అమెరికాలో గాలి ఎక్కువుండే నగరాల వరసలో అమరిల్లో పేరు ఎప్పుడూ ఉంటుంది. పక్క నుంచి కొట్టే గాలికి బండిని వాల్చి నడపాలి. ఎదురుగా పెద్ద లారీ వస్తే ఆ గాలి ఒక్క క్షణం ఆగిపోయి మళ్లీ కొడుతుంది. ఆ క్షణంలో చేతులు వదులుగా ఉంచగలగడం ఏళ్లు పడితేగానీ రాదు. గంటకు అరవై మైళ్లు దాటించను. వెనక కార్లవాళ్లు విసుక్కుంటారు, దాటిపోతారు. పోనీ.

సాయంత్రానికి పాలో డ్యూరో లోయకు చేరాం. చుట్టూ బల్లపరుపు నేల. ఉన్నట్టుండి కాళ్ల ముందు ఎనిమిది వందల అడుగుల లోతు. ఎర్ర మట్టి గోడలు, వాటి మధ్య తెల్లటి జిప్సం చారలు. కిందికి దిగే రోడ్డు వాలు పది శాతం. ట్రైలర్‌కి సొంత బ్రేకుల్లేవు, దిగుడులో అది వెనక నుంచి తోస్తూ ఉంటుంది. రెండో గేరులో, ఇంజను పట్టు మీదే దింపాను. మా ఆవిడ హెల్మెట్ మైకులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అడుక్కి చేరాక మాత్రం, "ఏమండీ, చూశారా, ఆ గోడకి పసుపు రాసినట్టుంది" అంది. దిగినంతసేపూ ఆమె గోడలు చూస్తోంది, నేను తారు చూస్తున్నాను.

మా పక్క సైటులో ఒక పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. కాన్సాస్‌లో ముప్పయ్యేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారట. పాతకాలపు గోల్డ్ వింగ్, 1500 సీసీది. దాని వెనక ఒంటి చక్రం ట్రైలర్. బండి ఎటు వాలితే అదీ అటే వాలుతుంది, బండి జాడలోనే నడుస్తుంది. సామాను తక్కువ పడుతుంది, అయినా ఒంటరి మనిషికి అది చాలునన్నారు. మేం వచ్చి ఆగగానే ఆవిడ చేసిన మొదటి పని మమ్మల్ని పలకరించడం కాదు. నేరుగా మా ట్రైలర్ దగ్గరికొచ్చి, చక్రం మధ్యభాగానికి వేళ్ల వెనకవైపు ఆనించి చూశారు. రెండో చక్రానికీ చూశారు. రెండూ ఒకే వెచ్చదనంతో ఉన్నాయన్నమాట, తల ఊపి, అప్పుడు నవ్వి పేరు చెప్పారు. ఒక చక్రం ఎక్కువ కాలుతుంటే బేరింగులో గ్రీజు అయిపోతున్నట్టు. నేనూ ప్రతి మజిలీలోనూ చూస్తాను. కాని పరాయి బండికి ఇలా చూసే మనిషి నాకు మొదటిసారి తగిలింది. ముప్పయ్యేళ్లు ఊరి పిల్లల్ని మోసిన చేయి అది.

తర్వాత ఆవిడ తన ట్రైలర్ మూత తీశారు. నేను కదల్లేకపోయాను. లోపల ప్లైవుడ్‌తో స్వయంగా చేసుకున్న బీరువా. అరలు, సొరుగులు. వెనక తలుపు కిందికి దించి, మడత పెట్టి ఉన్న కాలు ఒకటి లాగి నేలకు ఆనించారు. వంటబల్ల. పొద్దున నేను ఎవరి గుమ్మం ముందు నిలబడి వచ్చానో ఆయన బీరువానే అది, కొలతలే చిన్నవి. "గుడ్‌నైట్‌దేనా?" అన్నాను. "ఇంకెవరిది?" అన్నారు. నొగ బరువు ఎలా చూస్తారంటే, ఇంట్లో బాత్రూములో వాడే తూకం మిషను మీద నొగ ఆనించి చూస్తారట. మేమూ అంతే.

ఆ రాత్రి మా ఆవిడ అన్నం, పప్పు, బంగాళాదుంపల వేపుడు చేసింది. పెద్దావిడ తన ఇనప మూకుడులో రొట్టె కాల్చారు. ఆవకాయ ముందు వేలి కొనతో రుచి చూసి, తర్వాత కలుపుకుని తిన్నారు, కళ్ల నీళ్లతోనే రెండోసారి అడిగారు. తింటూ మాలీ గుడ్‌నైట్ కథ చెప్పారు. 1876లో గుడ్‌నైట్ ఈ లోయలో పశువుల మంద పెట్టాడు. మరుసటేడు భార్య మాలీ వచ్చింది. పొరుగంటూ ఎన్నో పదుల మైళ్ల దూరంలో ఎక్కడా లేదు. ఒకరోజు ఒక పశువులవాడు వండుకోమని మూడు కోళ్లు తెచ్చిస్తే ఆమె కోయలేదట. మాట్లాడడానికి తోడు దొరికాయని పెంచుకుంది. వేటగాళ్లు అడవి దున్నల్ని తుడిచిపెడుతున్నప్పుడు అనాథలైన దూడల్ని చేరదీయించిందీ ఆమే. వాటి సంతతి ఇప్పుడు ఇక్కడికి దగ్గర్లోని కాప్‌రాక్ కాన్యన్స్ పార్కులో ఉంది, 1997లో అక్కడికి తరలించారు.

మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేనొచ్చిన మొదటి ఏడాది ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లో నాకూ ఓ మూడు కోళ్లుంటే బాగుండేది" అంది. పెద్దావిడకి అది అనువదించి చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి మా ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత వాళ్లిద్దరి మాటలకీ నా అనువాదం అవసరం కాలేదు.

ఈ లోయకు ఇంకో చరిత్ర ఉంది, దాన్ని దాటవేయడం తప్పు. గుడ్‌నైట్ రావడానికి రెండేళ్ల ముందు, 1874 సెప్టెంబరు 28న, కర్నల్ మెకంజీ సైన్యం ఇక్కడ తలదాచుకున్న కొమాంచీ, కైయోవా, షయాన్ ప్రజల మీద పడింది. మనుషులు చాలామంది గోడలెక్కి తప్పించుకున్నారు. పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్చి చంపించాడు. గుర్రం లేకుండా ఆ మైదానంలో వేట లేదు, తిండి లేదు. చలికాలంలో ఒక్కొక్క గుంపే వచ్చి లొంగిపోయింది. ఖాళీ అయిన లోయలోకి పశువులు వచ్చాయి. గుడ్‌నైట్ వంటబండిని ఎంత మెచ్చుకున్నా ఈ మాట మనసులోంచి పోదు.

లోయ నుంచి బయల్దేరాక డాల్‌హార్ట్, క్లేటన్, కాపులిన్ అగ్నిపర్వతం, అన్నీ ఒక పూటలో వెనక్కి పోయాయి. రటోన్ కనుమ మాత్రం చెప్పుకోవాలి. 7,834 అడుగుల ఎత్తు. ఇప్పుడు ఇంటర్‌స్టేట్ మీద లారీల వెనక నింపాదిగా ఎక్కేయొచ్చు. 1860లలో డిక్ వుటన్ అనే ఆయన ఈ కొండల్లో 27 మైళ్ల బాట కొట్టించి, గొలుసు అడ్డం కట్టి సుంకం వసూలు చేశాడు. పశువుకి పది సెంట్లు అడిగితే గుడ్‌నైట్‌కు ఒళ్లు మండి, తూర్పుగా ట్రించెరా కనుమ మీదుగా కొత్త దారి వేసుకుని పోయాడు. ఎక్కుతున్నంతసేపూ నేను మా ఆవిడకి ఇదే చెప్పాను.

కొలరాడోలో గ్రేట్ శాండ్ డ్యూన్స్ దగ్గర మకాం. ఇసుక కొండలు బాగున్నాయి. కానీ నాకు గుర్తుండేది వంటే. అక్కడ 8,200 అడుగుల ఎత్తున నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటలు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కరు విజిల్ వినపడగానే చుట్టుపక్కల డేరాల్లోంచి తలలు బయటికొచ్చాయి. రాత్రి తిండి ఏదీ ట్రైలర్‌లో ఉంచడానికి లేదు. ఎలుగుబంటికి ఫైబర్‌గ్లాస్ ఒక లెక్క కాదు. ఆవకాయ జాడీతో సహా అంతా క్యాంపు వాళ్ల ఇనప పెట్టెలో పెట్టి గడియ వేశాం.

తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలి. డాలస్ పరిసరాల్లో టోల్ రోడ్లకు సుంకం ఇరుసుల లెక్కన. మోటార్‌సైకిల్‌కి రెండు, ట్రైలర్‌కి ఒకటి, మొత్తం మూడు. డికేటర్ దగ్గర పెట్రోలు పోయించుకుంటూ ఎటు పోదామని అడిగాను. "గుడ్‌నైట్ ఇచ్చాడా?" అంది మా ఆవిడ. 380వ నంబరు హైవే ఎక్కి, డెంటన్ మీదుగా, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ ఇల్లు చేరాం.