కాకా రిపోర్టులో మూడు ప్రోటీన్లు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికతో చదవండి.

మేం బనగానపల్లెలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న తండా పిల్లలం. మా ఇండ్లలో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. అందుకే ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా "సదువుకున్నోళ్లు గదా, సూడండి" అని మా చేతిలో పెడతారు. పోయిన మామిడికాయల సీజన్లో మా కాకా రిపోర్టు అట్లే వచ్చింది. లివర్ క్యాన్సర్. కాకా అడిగింది ఒకటే మాట: "ఎన్నాళ్లుంటానంట్రా?" మాకు నోరు పెగల్లేదు.

ఆ రాత్రి ఒక్కొక్క పేరూ వెతుక్కున్నాం. డాక్టరును కూడా అడిగి తెలుసుకున్నాం.

మొదటిది ఏఎఫ్‌పీ. కడుపులో బిడ్డ లివర్ తయారుచేసే ప్రోటీన్ ఇది. పుట్టినాక తగ్గిపోయి, పెద్దోళ్లలో దాదాపు 10 లోపే ఉంటుంది. లివర్ క్యాన్సర్‌లో చాలామందికి మళ్లీ పెరుగుతుంది. 400 దాటితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని చూస్తారు. కాకాకి వేలల్లో ఉంది. అయితే క్యాన్సర్ ఉన్నా ఏఎఫ్‌పీ పెరగనోళ్లు కూడా ఉంటారు.

రెండోది ఆల్బుమిన్. ఇది లివర్ చేసే ప్రోటీనే. మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. కాకాకి 2.4. కాళ్లు వాయడం, కడుపులో నీరు చేరడం అందుకే. ఆల్బుమిన్‌నీ, కామెర్లు చూపించే బిలిరుబిన్‌నీ కలిపి లెక్కగట్టే 'ఆల్బీ' గ్రేడు 2015 నుంచి వాడుకలో ఉంది. లివర్‌లో ఇంకెంత సత్తువ మిగిలిందో దాంతో అంచనా వేస్తారు. "ఈ లెక్కలు వందల మందిని చూసి కట్టినవి. మీ కాకా ఒక్కడికి తేదీ చెప్పలేవు" అన్నాడు డాక్టరు. కాకాకి అదే చెప్పినాం.

మూడోది హెచ్‌బీఎస్‌ఏజీ, హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్. కాకాకి పాజిటివ్. తండా అంతా "సారా తాగి తెచ్చుకున్నాడు" అనుకుంది. కాకా తాగేవాడు కాదు. ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకి కాన్పులో, రక్తం ద్వారా, ఒకే సూదితో పదిమందికి పచ్చబొట్లు పొడిచినా వస్తుంది. ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా లోపలుంటుంది.

ఈ ప్రోటీన్ మొదట దొరికింది ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో. 1965లో బారుక్ బ్లంబర్గ్ బృందం దాన్ని 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అని ప్రకటించింది. ఆయనకి 1976లో నోబెల్ వచ్చింది. ప్రోటీన్ పేరులో దేశం పేరుంది, రక్తమిచ్చిన మనిషి పేరు లేదు. దాని మీదనే టీకా వచ్చింది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేసి ధర తగ్గించింది. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లో సర్కారు ఆసుపత్రిలో ఊరికే వేస్తారు.

కాకా దసరాకి ముందే పోయినాడు. తర్వాత కాకినీ, పిల్లల్నీ తీసుకుపోయి టెస్టు చేయించినాం. పెద్దన్నకి పాజిటివ్. ఇప్పుడు ఆరు నెలలకొకసారి స్కానింగు, ఏఎఫ్‌పీ చేయించుకుంటున్నాడు, పనికి పోతున్నాడు. మిగతావాళ్లకి నెగిటివ్, టీకా వేయించినాం.

మొదటి రెండు ప్రోటీన్లు మాకు ఆలస్యంగా తెలిసినాయి. మూడోది మాత్రం ఎవరైనా ముందే తెలుసుకోవచ్చు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద టెస్టు, మందులు ఉచితం. ఈసారి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ యాడి, బాపులను ఒక్కసారి తీసుకుపోండి. మీరూ చేయించుకోండి. ఎవరికైనా లివర్ జబ్బంటే, తాగుబోతు అని మాత్రం ముందే అనొద్దండి.