అద్దె యింటి సాక్ష్యము

మా అద్దె యింటి కుళాయి మూడు నెలలు కారినది. “ఇల్లు మనది కాదు గదా” యని నేనూరకుంటిని. గోడ చెమ్మగిలి సున్నము రాలెను. ఆ అద్దెయే జీవనాధారముగాగల యజమానురాలు, ఒక విధవరాలు, నన్నొక్క మాటైన ననక, అప్పుచేసి దానిని బాగుచేయించెను. నేను సిగ్గుతో తలవంచితిని.

సహజమైన అరుగుదల తప్ప, ఇంటిని పుచ్చుకొన్న స్థితిలోనే అప్పగింపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. వేరు ఒడంబడిక లేనిచో వెల్లవేయుట యజమాని పని, కుళాయి వాషరు మార్చుట అద్దెకున్నవాని పని యని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టము విభజించినది.

పౌలు రోమాలో రెండేండ్లు అద్దె యింటనే యుండి సువార్త ప్రకటించెను. నా అద్దె యింటి తడిసిన గోడయో, నాకు విరోధముగా సాక్ష్యమిచ్చినది.

చదువరీ, నేడు నీ యింట ఏది కారుచున్నది? మోకరించుటకు ముందు దానిని బాగుచేయుము.