రసీదు అడుగున

మా మాదిగపల్లెలో డిగ్రీ చేతికొచ్చిన మొదటోణ్ణి నేను. 2011లో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. పాడిగేదెనమ్మి మా నాయన 22 వేలు కట్టాడు. క్లాసులు మొదలుగాకముందే గవర్నమెంటు కాలేజీలో బీయెడ్ సీటొచ్చింది.

డబ్బడగడానికి ఇద్దరం పోయాం. చెప్పులు కుట్టే మనిషి, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. అక్కడింకెవరూ విడవలేదు. గుమాస్తా రసీదు అడుగున సన్నక్షరాల మీద వేలు పెట్టాడు. ఇంగ్లీషు. చదివి చెప్పాల్సిన పని నాదయింది. ‘కట్టింది తిరిగియ్యరంట నాయనా.’

‘గేదె పోతే పోయింది, తాడన్నా ఇమ్మను’ అన్నాడు.

తాడంటే నా సర్టిఫికెట్లు. టీసీ, మార్కుల లిస్టు, కులం కాగితం అన్నీ వాళ్ల బీరువాలోనే. రెండో ఏడు ఫీజు కూడా కడితేనే ఇస్తామన్నారు. సంఘం కుర్రాళ్లు నలుగురొచ్చి గుమ్మంలో కూచుంటేగానీ బీరువా తెరుచుకోలేదు. డబ్బు మాత్రం రాలేదు.

అప్పటికే 2007 నాటి యూజీసీ ప్రకటన ఉంది. కోర్సు మొదలుగాకముందు మానుకుంటే వెయ్యికి మించకుండా కోసుకుని మిగతాది ఇవ్వాలి, ఒరిజినల్స్ పట్టుకోకూడదు. ఆ కాలేజీ నోటీసుబోర్డు మీద అది కనబడలేదు. 2018లో రోజుల లెక్క పెట్టారు. అడ్మిషన్ల గడువుకి 15 రోజుల ముందు మానితే కొద్దిపాటి ఖర్చు పోను మొత్తం, ఆ తర్వాత 90, 80, 50 శాతం. గడువు దాటి 30 రోజులైతే సున్నా. ఇంకోచోట సీటొచ్చిన కబురు తెలిసి, బస్సుఛార్జీకి కూలిడబ్బులు పోగయ్యేసరికి అందులో ఎన్ని రోజులు మిగుల్తాయి?

మొన్న నా పాత విద్యార్థిని అట్లాంటి రసీదే పట్టుకొచ్చింది. గడువు దాటి 12 రోజులు. అర్జీ రాసి, తేదీ వేసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోమన్నాను. ముద్ర వేశారు. జవాబింకా రాలేదు.