‘పుట్’ పూర్వోత్తరాలు

“రేపు ఐ యామ్ పుటింగ్ లీవ్ రా!” హైదరాబాదు రాయదుర్గం మెట్రో స్టేషన్లో ఈ మాట వినడానికి చెవి ఒగ్గక్కర్లేదు. నాగోలు నుంచి వచ్చే బ్లూ లైన్ ఇక్కడితో సరి. 2019 నవంబరు 29న ఈ స్టేషను తెరిచాక మైండ్‌స్పేస్ ఐటీ పార్కు వైపు ఉద్యోగులు చాలామంది ఇక్కడే దిగుతున్నారు, ఇక్కడే ఎక్కుతున్నారు. వీళ్లు లీవు పుట్ చేస్తారు, మెయిల్ పుట్ చేస్తారు, మీటింగు పుట్ చేస్తారు, వాట్సాప్‌లో స్టేటస్ కూడా పుట్ చేస్తారు. ఇంగ్లిషువాడు వీటిలో ఒక్కటీ పుట్ చెయ్యడు. సెలవు తీసుకుంటాడు, మెయిల్ పంపుతాడు, మీటింగు ఏర్పాటు చేస్తాడు.

ఇది ఇంగ్లిషు రాకపోవడం కాదు, తెలుగు బాగా రావడం. మన ‘పెట్టు’ చెయ్యని పని లేదు. అన్నం పెడతాం, బొట్టు పెడతాం, ముద్దు పెడతాం, చీవాట్లూ పెడతాం. బిడ్డకు పేరు పెడితే పండగ, ఎదుటివాడికి పేర్లు పెడితే తగువు. ఫోన్ పెట్టేస్తే మాట ఆగుతుంది, సెలవు పెడితే పని ఆగుతుంది. ఇంత పెద్ద సంసారాన్ని తీసుకెళ్లి ‘పుట్’ అనే ఒంటిగది ఇంట్లో దింపాం.

చైనా వాళ్లదీ ఇదే కథ. వాళ్లకు ‘కాయ్’ అని ఒక క్రియ ఉంది. తలుపు తెరవడానికీ అదే, దీపం వెయ్యడానికీ అదే, కారు నడపడానికీ, సమావేశం జరపడానికీ అదే. అందుకే కొత్తగా ఇంగ్లిషు నేర్చుకునే చైనీయుడు ‘ఓపెన్ ద లైట్’ అనేస్తుంటాడు. నవ్వే ముందు మన ‘వెయ్యి’ని తలుచుకోండి. తలుపు వెయ్యమంటే మూయమని, ఫ్యాను వెయ్యమంటే తిరగనివ్వమని! ‘పుట్ ద ఫ్యాన్’ అందులోంచి పుట్టిందే. ఒక్క విషయంలో మాత్రం ‘పుట్’ చైనా విద్యార్థికి దగ్గర చుట్టం. చైనీసు క్రియలు కాలాన్ని బట్టి రూపం మార్చుకోవు. నిన్న చేసినా నేడు చేసినా పుట్ కూడా పుట్టే. మనమే చెయ్యి ఊరుకోక ‘పుటెడ్’ అని తోక తగిలిస్తాం.

అసలు చిక్కు దాని పక్కన చేరే చిన్న మాటలతో. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, పుట్ ఔట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. గచ్చిబౌలి హాస్టలు కుర్రాడు ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అంటే ఎక్కడుంటున్నావని. సర్కారు ఆఫీసులో ‘పుట్ అప్’ అంటే ఫైలు పై అధికారి ముందుకు పంపమని. ఈ రెండూ తప్పంటే నేనొప్పుకోను. మొదటిది ఇంగ్లండులోనూ బస చెయ్యడమే. రెండోది లేకపోతే ఫైలు కదలదు.

ఇంగ్లిషు బోధన కోసమే 1958లో ఒక జాతీయ సంస్థను పెట్టుకున్న ఊరు మనది. ఇప్పటి ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) అదే. అయినా మన బళ్లలో ఇంకా ‘పుట్ అంటే పెట్టు’ అని వల్లె వేయిస్తూనే ఉన్నారు. తంటా అక్కడే మొదలవుతుంది. క్రియను ఒంటరిగా నేర్పకూడదు, దానితో నడిచే నామవాచకంతో కలిపి నేర్పాలి. లీవుకి టేక్, మెయిల్‌కి సెండ్, లైటుకి టర్న్ ఆన్.

మెట్రోలో పక్కవాడితో లీవు పుట్ చేశానంటే ఎవరి సొమ్మూ పోదు, హాయిగా అనండి. లండనుకో షాంఘైకో వెళ్లే మెయిల్లో మాత్రం ‘ఐ యామ్ ఆన్ లీవ్’ అని రాయండి.