రంగు కింది చేవ

పాత కలపకు కొత్త పాలిష్ పెట్టాలంటే ముందు పాత పూత పోవాలి. కోనసీమలో ఈ పని ఎక్కువగా మండువా ఇళ్ల సింహద్వారాలకు, వసారా స్తంభాలకు, ఉయ్యాల బల్లలకు పడుతుంది. దిండి దగ్గర వశిష్ఠ గోదావరిలో తిరిగే హౌస్‌బోట్ల చెక్క డెక్కులకూ తప్పదు. పూత వేయడం కన్నా తీయడానికే ఎక్కువ రోజులు పడుతుంది, కూలిలో పెద్ద వాటా దానికే పోతుంది. అయినా ఇంటివాళ్లు బేరం మాట్లాడేది పాలిష్ గురించే. పాలిష్ నిలుస్తుందా, ఏడాదిలో పెచ్చులూడుతుందా అనేది తేలేది మాత్రం గీకే దశలోనే.

కొత్తపేట దగ్గర ఒక పల్లెలో ఈ పని జరుగుతుండగా చూశాం. పెంకుల కప్పు, నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా ఉన్న పాత ఇల్లు అది. సింహద్వారం రెక్కలు రెండూ బందుల నుంచి విప్పి వసారాలో ముక్కాలిపీటల మీద పడుకోబెట్టారు. గొళ్లెం ఒరుసుకునే చోట పెచ్చు లేచి పొరలన్నీ వరుసగా బయటపడ్డాయి. పైన చాక్లెట్ రంగు, దాని కింద ముదురాకుపచ్చ, ఆ కింద ఆకాశనీలం, అట్టడుగున ఇటుక రంగు ప్రైమరు. అన్నీ కలిపి రూపాయి బిళ్లంత మందం ఉన్నాయి. ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడల్లా పాతదాని మీదే కొత్త రంగు కొట్టించడం వల్ల ఇన్ని పొరలు పేరుకుంటాయి. చెక్కడపు పువ్వుల రేకులు, లతల మెలికలు ఈ మందంలో మునిగిపోయి, దూరం నుంచి చూస్తే ముద్దలుగా కనిపిస్తాయి.

ఇంతా చేసి రంగు కింద ఉన్నది చాలావరకు టేకు. పాపికొండలకు ఎగువ అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపే వ్యాపారం ఒకప్పుడు ముమ్మరంగా సాగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పల్లెపల్లెకూ పడవ దారులయ్యాయి. స్తోమత ఉన్నవాళ్లు రంగూన్ నుంచి ఓడల మీద వచ్చిన బర్మా టేకు కొనేవారు. పాత ఇంటి గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడివాళ్లు 'బర్మా టేకు' అన్న మాటను ఇప్పటికీ కాస్త ఒత్తి పలుకుతారు. టేకుతో పాటు పెరటి పనస, వేప, దూలాలకు తాటి కూడా వాడారు. ఒకే తలుపులో రెండు జాతుల చెక్క ఉండటం అరుదేమీ కాదు. ఇక్కడ మేస్త్రీ ఒక మూల గీకి చూసి, "రెక్కంతా టేకేనండి. ఈ అడ్డబద్ద మాత్రం పనసండి, తర్వాతెప్పుడో ఏసుంటారు" అన్నారు. టేకు గోధుమ రంగు, పనస పసుపు. రంగు ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు.

పని మొదలయ్యేది పాత పూత ఏమిటో తేల్చుకోవడంతో. కనపడని మూల ఒకటి ఎంచుకుని, స్పిరిట్‌లో తడిపిన గుడ్డ అద్ది కాసేపు ఉంచుతారు. పూత జిగురుగా కరిగితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగక థిన్నర్‌కు కరిగితే లాకర్. రెండింటికీ కదలకపోతే నూనె రంగో, ఎనామెలో, ఈమధ్య కాలపు పాలీయురెథేనో అయి ఉంటుంది. లక్క పాలిష్ అయితే గీకుడుతో పనే లేదు, స్పిరిట్‌తో తుడిచి అదే పూతను సర్దవచ్చు. ఈ చిన్న పరీక్ష చేయకుండా నేరుగా మిషన్ పట్టే పనివాళ్ల చేతిలో మంచి తలుపులు పాడవుతున్నాయి. గిరగిర తిరిగే సాండింగ్ మిషన్ చదును బల్లకు పనికొస్తుంది. చెక్కడం మీద పెడితే రంగు కన్నా ముందు పువ్వు పోతుంది.

రెండో సంగతి సీసం. పాత ఎనామెల్ రంగుల్లో పసుపు, ఆకుపచ్చ ఛాయల కోసం సీసపు వర్ణకాలు కలిపేవారు; ప్రైమర్లలో సిందూరం, అంటే సీసపు ఆక్సైడు, వాడేవారు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని భారత ప్రభుత్వం 2016లో నిబంధన తెచ్చింది. అది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొట్టిన ఏ రంగునైనా సీసం ఉన్నదిగానే ఎంచడం క్షేమం. పొడిగా రుద్దితే లేచే దుమ్ము పసిపిల్లలకు అన్నిటికన్నా చేటు, అది వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బ్లోల్యాంపు మంటతో రంగు మాడ్చి గీకడం పాత పద్ధతి, కానీ వేడి మితిమీరితే సీసం పొగగా ఊపిరిలోకి వెళుతుంది, చెక్క కూడా మాడుతుంది. అందుకే ఇక్కడ వసారా నేలంతా టార్పాలిన్ పరిచారు. రుద్దే ప్రతిసారీ చెక్కను తడుపుతున్నారు. పిల్లల్ని పెరటి వైపుకు పంపేశారు. పనివాళ్ల ముఖాన గుడ్డ బదులు సరైన మాస్క్ ఉంటే ఇంకా బాగుండేది. గుడ్డ ఈ దుమ్మును ఆపదు.

రంగు తీయడానికి ఎక్కువమంది వాడేది షాపులో దొరికే పెయింట్ రిమూవర్. అందులో బాగా పనిచేసే రకాల్లో అసలు సరుకు డైక్లోరోమీథేన్ అనే ద్రావకం. ఇది రంగును కరిగించదు. పొరల్లోకి చొరబడి ఉబ్బిస్తుంది, దాంతో చెక్కకు, రంగుకు మధ్య పట్టు వదులుతుంది. అయితే ఇది 40 డిగ్రీలకే మరుగుతుంది. కోనసీమ వేసవిలో మిట్టమధ్యాహ్నం రాస్తే పని మొదలెట్టకముందే ఆవిరైపోతుంది. అందుకని ఉదయం పూట నీడలో, కుంచెను ఒకే దిశలో లాగుతూ మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పుతారు. ముందుకూ వెనక్కూ రుద్దితే పైన కట్టిన మీగడలాంటి పొర చెదిరి ఆవిరి తప్పించుకుంటుంది. దీని ఆవిరి గాలి కన్నా బరువు, కిందికి దిగి గదిలో నిలుస్తుంది. తలుపులు మూసిన గదుల్లో దీనితో పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. 2019లో అమెరికా దీన్ని ఇళ్లలో సొంతంగా వాడుకునేవారికి అమ్మకుండా నిషేధించింది. నాలుగు దిక్కుల నుంచి గాలి ఆడే మండువా వసారా ఈ పనికి అనువైన చోటు.

ప్లాస్టిక్ తీశాక రంగు ముడతలు పడి, వాన నీళ్లకు తడిసిన గోడ సున్నంలా పొంగి ఉంది. మొద్దు అంచు ఉన్న లప్పం బద్దతో చెక్క నారల వెంట నెడుతుంటే పచ్చ, నీలం పొరలు కలిసి ఒకే చుట్టగా లేచి వచ్చాయి. మొదటి విడతలో పై పొరలు పోతాయి, ప్రైమరుకు మళ్లీ రాయాలి. చదును మీద పని తేలికే. చెక్కడం దగ్గర చేతివాటం బయటపడుతుంది. పువ్వు రేకుల సందుల్లోకి బద్ద దూరదు. అక్కడ వెదురు పుల్ల చెక్కి వాడతారు, దాని మీదట పిడికెడు కొబ్బరి పీచు తీసుకుని గుండ్రంగా రుద్దుతారు. బయటి ఊళ్లలో ఇందుకు స్టీల్ ఉన్ని వాడతారు గానీ టేకుకు అది మంచిది కాదు. దాని ఇనుప నలుసులు చెక్క నారల్లో ఇరుక్కుని, తేమ తగిలాక నల్ల చుక్కలుగా తేలతాయి. కొబ్బరి పీచు తుప్పు పట్టదు, నారను చీల్చదు, ప్రతి పెరట్లోనూ ఊరికే దొరుకుతుంది. ఎక్కడి పనికి అక్కడి సరుకే సరిపోవడం అన్నిసార్లూ జరగదు, ఇక్కడ జరిగింది. చివరగా గాజు పెంకు అంచుతో పలుచగా గీకడం వడ్రంగుల పాత పద్ధతి. అలవాటున్న చేతికి అది ఉప్పుకాగితం కన్నా నున్నగా పనిచేస్తుంది.

రిమూవర్ ఖరీదు ఎక్కువని కొందరు కాస్టిక్ సోడా వాడతారు. అది నూనె రంగులోని నూనెను సబ్బుగా మార్చేస్తుంది, రంగు కడిగితే పోతుంది. కానీ టేకు నల్లబారుతుంది, నారలు లేస్తాయి, పాత జిగురు అతుకులు వదులవుతాయి. కడిగినా లోపల క్షారం మిగిలితే కొత్త పాలిష్ నిలవదు. కంటికి, చర్మానికి జరిగే హాని సరేసరి. చెక్కడం లేని గడపలకు, కిటికీ చువ్వల చట్రాలకు తప్ప దీన్ని దగ్గరకు రానివ్వకపోవడమే మేలు.

గడప దగ్గర ఒక చిత్రం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి శుక్రవారం శుక్రవారం రాసిన పసుపు, రంగు పగుళ్లలోంచి చెక్కలోకి దిగి ఉంటుంది. సోడా నీళ్లు తగలగానే ఆ పసుపంతా ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వచ్చేది కూడా ఇదే గుణం వల్ల. పనివాళ్లకు ఇది అడక్కుండా దొరికిన పరీక్ష. వెనిగరు కలిపిన నీళ్లతో కడుగుతూ పోతే ఎరుపు మళ్లీ పసుపవుతుంది, అప్పటికి క్షారం విరిగినట్టు లెక్క. పసుపు అంటని చోట తేల్చుకోవాలంటే పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కను తడి చెక్కకు అద్దితే చాలు. బడి ప్రయోగశాలల్లోనూ క్షారాన్ని పట్టడానికి ఇలాంటి కాగితం వాడతారు.

పూత పోయాక మేకుల చుట్టూ, గొళ్లెం కింద నల్ల మచ్చలు మిగులుతాయి. ఇనుము, తేమ, చెక్కలోని వగరు కలిసి చేసిన మచ్చలివి, ఎంత రుద్దినా పోవు. లీటరు వేడినీళ్లలో వంద గ్రాముల దాకా ఆక్జాలిక్ యాసిడ్ పొడి కరిగించి రాస్తే మచ్చ కళ్లముందే పలచబడుతుంది. మచ్చ ఉన్నచోట మాత్రమే రాస్తే అక్కడ తెల్లటి మరక పడుతుంది కాబట్టి పలక మొత్తానికీ రాసి, తర్వాత బాగా కడగాలి. ఇది విషం. వంటింటి గిన్నెలో కలపకూడదు.

ఈ దశలో చెక్క తన సంగతంతా చెబుతుంది. నడిమి చేవ ముదురుగా, అంచున తెల్లచెక్క లేతగా విడిపోయి కనిపిస్తాయి. టేకు చేవకు చెదలు అంత తేలిగ్గా పట్టవు, తెల్లచెక్కను మాత్రం వదలవు. రంగు పొర కింద చెదలు తిన్న గూళ్లను లప్పంతో పూడ్చి పైన ఎనామెల్ కొట్టిన తలుపులు చాలా ఉన్నాయి. మండువాలోకి పడే వాన జల్లుకు స్తంభాల అడుగులు కూడా ఇలాగే లోపల్లోపల పుచ్చుతాయి. ఉలి మొనతో గుచ్చి చూస్తే గాని తెలియదు. మూడు జాతుల ముక్కలు అతికి, లప్పంతో నింపిన తలుపుకు పాలిష్ పెట్టడం డబ్బు దండగ. దానికి మళ్లీ మంచి రంగే వేయాలి. పాత రంగంతా పాపమన్నట్టు, ప్రతి చెక్కా టేకులా మెరవాలన్నట్టు ఈమధ్య ఒక మోజు పుట్టింది గానీ, ఆ రంగును వేయించిన పెద్దలు చాలాచోట్ల తెలిసే వేయించారు.

దూలాలు, వాసాల సంగతి వేరు. చెదలు పట్టకుండా వాటికి జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నూనె పూయడం తెలిసిన పద్ధతే. మలికిపురం దగ్గర మోరి ఊరు జీడిపప్పు పనికి పేరుపొందినదే. నల్లగా నిగనిగలాడే ఆ పూత చెక్కకు కాపలా. గీకితే లాభం లేకపోగా చేతులు పొక్కుతాయి. దుమ్ము దులిపి వదిలేయాలి.

గీకుడు అయ్యాక 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120, 180 మీదుగా 220 దాకా నార వెంటే రుద్దుతారు. తర్వాత చేయాల్సింది ఆగడం. సముద్రం, గోదావరి పాయలు, కాలవలు చుట్టుముట్టిన ఈ నేల మీద ఎండిన కలపలో కూడా 12 నుంచి 15 శాతం తేమ ఉంటుంది. కడిగిన తలుపు అక్కడికి రావడానికి నీడలో రోజులు పడుతుంది. ఎండలో పెడితే రెక్క వంపు తిరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున లక్క పాలిష్ పెడితే పూత తెల్లబారుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీలు అక్టోబరు, నవంబరు వానలు దాటించి, సంక్రాంతి తర్వాత ఈ పని ఒప్పుకుంటారు.

పైపూత ఎంపిక చోటును బట్టి ఉంటుంది. లోపలి తలుపులకు, ఉయ్యాల బల్లలకు లక్క పాలిష్ అందం. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవాలి, లేదంటే పూత పట్టు దొరకదు. ఎండా వానా తగిలే సింహద్వారం బయటి ముఖానికి లక్క నిలవదు, అక్కడ అవిశె నూనె గాని బయటి వాడకానికి చేసిన వార్నిష్ గాని వాడాలి. గడపకు వట్టి నూనె చాలు. వారం వారం నీళ్లు, పసుపు పడేచోట వార్నిష్ వేస్తే పొరలుగా లేస్తుంది.

హౌస్‌బోటు డెక్కుకు, అమెరికాలో మనవాళ్ల ఇళ్ల వెనక ఉండే చెక్క డెక్కుకు సూత్రం ఇదే, సరుకు కొంచెం వేరు. అక్కడి పూత చాలావరకు చెక్కలోకి ఇంకే స్టెయిన్. దాన్ని సోడా జాతి ద్రావణంతో వదిలించి, వెంటనే ఆక్జాలిక్ యాసిడ్‌తోనో సిట్రిక్ యాసిడ్‌తోనో కడిగి చెక్క రంగును తిరిగి తెస్తారు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే మెత్తని నార చీలి డెక్కంతా బొచ్చులా లేస్తుంది. నీటి మీద ఉండే డెక్కుకు అసలు చిక్కు ఆరబెట్టడం. పడవను కొన్నాళ్లు తిప్పకుండా ఒడ్డున కప్పి ఉంచితే తప్ప అడుగు తేమ వదలదు.

మిగిలింది చెత్త. గీకిన రంగు ముద్దలు, తడి దుమ్ము టార్పాలిన్‌తో సహా మూటకట్టి డబ్బాలో వేసి మూత బిగించాలి. కాలవలోకి, చేపల చెరువులోకి, కొబ్బరి మొదళ్లలోకి పోయకూడదు. రంగున్న పాత చెక్క ముక్కలను పొయ్యిలో పెట్టకూడదు, అందులోని సీసం పొగతోనూ బూడిదతోనూ వంటింట్లోకి చేరుతుంది. అవిశె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మేం చూసిన ఆ ఇంట్లో వాటిని నీళ్ల బకెట్‌లో ముంచి, తర్వాత పెరట్లో కంచె మీద ఒక్కొక్కటిగా విడదీసి ఆరేశారు.